ఆ 150 గంటల లెక్క తేల్చండి

ఫిజియోథెరపిస్టులు పేరుకు ముందు ‘డాక్టర్’ అని రాసుకోవచ్చా లేదా అని 2025 సెప్టెంబరులో పెద్ద రభసే జరిగింది. ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ 9వ తేదీన వద్దంది, మర్నాడే ఆ లేఖను వెనక్కి తీసుకుంది. డాక్టర్లూ ఫిజియోథెరపిస్టులూ హోరాహోరీగా వాదించుకున్నారు. క్రీడాకారుల మోకాళ్లు చూసేవారికి ఆ పనిని ఎవరు దగ్గరుండి నేర్పారు, ఎన్ని గంటలు నేర్పారు అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినిపించలేదు. మన క్రీడా ఫిజియోథెరపీ చదువులో అసలు లోటు అదే. గట్టి గుర్తింపు నిబంధనలతో నడిచే రెసిడెన్సీలే, అంటే రోగుల మధ్య మెంటార్ దగ్గరుండి నేర్పే శిక్షణలే, దాన్ని పూడ్చగలవు.

అమెరికాలో ఈ రెసిడెన్సీలకు గుర్తింపు ఇచ్చే బోర్డు కనీసం 1,800 గంటల శిక్షణ ఉండాలంటుంది. అందులో 1,500 గంటలు రోగులతో, 300 గంటలు చదువుతో గడవాలి. మనవాళ్లు ఈ రెండంకెలు చెప్పి ఆగిపోతారు. ప్రాణమంతా మూడో అంకెలో ఉంది. ఆ 1,500లో కనీసం 150 గంటలు మెంటార్ శిక్షణ ఉండాలి. వాటిలోనూ కనీసం 100 గంటలు రెసిడెంటు స్వయంగా రోగికి చికిత్స చేస్తుండగా మెంటార్ పక్కనే ఉండాలి. మొత్తం 150 గంటలంటే రోగుల మధ్య గడిపే ప్రతి పది గంటల్లో ఒకటి. ఏడాది పొడవునా సర్దితే వారానికి దాదాపు మూడు గంటలు.

ఉదాహరణకు, మోకాలిలోని ఏసీఎల్ లిగమెంట్ తెగి ఆపరేషన్ చేయించుకున్న కబడ్డీ అమ్మాయికి ఆరు నెలలు తిరిగేసరికి నొప్పి పోవచ్చు, వాపు తగ్గవచ్చు, పరుగూ రావచ్చు. పోటీలు దగ్గరపడ్డాయి, పంపించమని కోచ్ ఒత్తిడి తెస్తాడు. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల వరకు, ఆటకు తిరిగి రావడాన్ని వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గినట్టు 2016లో వెలువడిన డెలావేర్-ఓస్లో అధ్యయనం తేల్చింది. ఈ అంకె పుస్తకంలో దొరుకుతుంది. రెండు కాళ్ల బలం పోల్చి, ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందేమో గమనించి, ‘ఇప్పుడే కాదు’ అని కోచ్‌కు తెగేసి చెప్పే నేర్పు పుస్తకంలో దొరకదు. చేయి తిరిగిన వాళ్లు పక్కన నిలబడి తప్పును అక్కడికక్కడే దిద్దితేనే అది వస్తుంది. ఆ 150 గంటలు అందుకే.

మనకు రెండేళ్ల ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) ఉంది, అందులో క్రీడా విభాగమూ ఉంది, ఇంకేం కావాలని కొందరంటారు. తరగతులు, సెమినార్లు, థీసిస్, పోస్టింగులు అన్నీ ఉన్నాయి, నిజమే. విద్యార్థి పోస్టింగుకు వచ్చాడని హాజరు పట్టీ చెబుతుంది. అతను రోగిని చూస్తున్నప్పుడు గురువు ఎక్కడున్నాడో అది చెప్పదు. ఏళ్లు లెక్కపెట్టి గంటలు వదిలేస్తే నైపుణ్యం రాదు.

ఖర్చు మాటా నిజమే. సీనియర్ ఫిజియో సమయం విలువైనది, రెసిడెంటుకు స్టైపెండ్ ఇవ్వాలి. అమెరికాలోనూ లైసెన్సుకు రెసిడెన్సీ తప్పనిసరి కాదు, ఇక్కడా చేయనక్కర్లేదు. కానీ కోట్లు పోసి సింథటిక్ ట్రాకులు వేసే ప్రభుత్వాలు వారానికి మూడు గంటల నేర్పరి సమయాన్ని కొనలేవంటే నమ్మేదెలా?

గుర్తింపు ఇచ్చే పద్ధతీ అంతే ముఖ్యం. అమెరికాలో తనిఖీకి వచ్చినవారు రికార్డులతో సరిపెట్టుకోరు. మెంటార్లతో, రెసిడెంట్లతో మాట్లాడతారు. ఇచ్చిన గుర్తింపుకు గడువుంటుంది. మన దగ్గర తనిఖీ రోజున అద్దె అధ్యాపకులను నిలబెట్టిన వైద్య కళాశాలల సంగతి దేశమంతా చూసింది. గదులు, యంత్రాలు, బోర్డులు లెక్కపెట్టే తనిఖీకి ఇదే గతి. రెసిడెంటును విడిగా కూర్చోబెట్టి ‘నీ 150 గంటలు నీకు అందాయా?’ అని అడగని తనిఖీ తనిఖీయే కాదు.

ఫిజియోథెరపీ సహా ఆరోగ్య అనుబంధ వృత్తుల్లో చదువుల ప్రమాణాలు నిర్ణయించడానికి 2021లో చట్టం చేసి జాతీయ కమిషన్‌ను ఏర్పాటు చేశారు. ఆ చట్టాన్ని అమలు చేయండని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇక జాప్యం చాలు. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి, 2036 ఒలింపిక్స్ కూడా మనకే కావాలంటున్నాం. హకీంపేట, కడప క్రీడా పాఠశాలల్లో ఇవాళ చెమటోడుస్తున్న పిల్లల మోకాళ్లను రేపు ఎవరి చేతుల్లో పెడతాం? వారానికి మూడు గంటలు ఇవ్వలేని ఏ సంస్థకూ రెసిడెన్సీ అన్న పేరు పెట్టుకునే హక్కు లేదు. కమిషన్ ఈ మాటను నిబంధనగా రాయాలి, తప్పిన సంస్థ గుర్తింపు రద్దు చేయాలి. ఆ పని చేయకుండా పతకాల లక్ష్యాలు ప్రకటించడం ఆడే పిల్లల పట్ల ద్రోహం.