నూడుల్స్ చివర్లో వేయండి

మా రూమ్‌లో నూడుల్స్ అంటే రాత్రి పదకొండు దాటాకే. రెండు పాకెట్లు, నీళ్ళు, పసుపురంగు పొడి. తిన్న గంటకే మళ్ళీ ఆకలి. ఒకరోజు "కూరగాయలేసి సూప్‌లా చేస్తా" అన్నాను. మా రూమ్మేట్ నవ్వేశాడు. "వెజ్ సూపా? నాకేం జ్వరం రాలేదు కదరా!"

నా గొడవంతా ఈ మాట మీదే. వెజ్ సూప్ నీళ్ళగా ఉందంటే తప్పు కూరగాయలది కాదు, వండినవాడిది. హోటళ్ళలో కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కగా చేస్తారు గానీ, చిక్కదనం వేరు, కడుపు నిండటం వేరు. మన ఇళ్ళల్లో ఆ ఉపాయం ఎప్పట్నుంచో ఉంది. ఉడికిన పప్పు మీది కట్టుతో అమ్మ చారు పెట్టదూ? సూప్‌కీ అదే బలం.

ఇక రుచి. 1908లో కికునే ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచులోంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. అది మాంసం ఒక్కదాని సొత్తేం కాదు. టమాటాలో ఉంది, కాయ పండేకొద్దీ పెరుగుతుంది. అందుకే సూప్‌కి మెత్తబడిన టమాటాలే మేలు.

ముగ్గురికి చెబుతున్నా. (హాస్టల్లో స్టవ్ పెట్టనివ్వరు, మేం ఇప్పుడు బయట అద్దె గదిలో ఉన్నాం.) గుప్పెడు కందిపప్పు కుక్కర్లో మెత్తగా ఉడికించండి. గిన్నెలో నూనె వేసి అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ వేయించి, ఐదారు టమాటాలు నూనె తేలేదాకా మగ్గనివ్వండి. ఇక్కడ తొందరపడ్డారో, పచ్చివాసన ఇక పోదు. తర్వాత క్యారెట్, బీన్స్, క్యాబేజీ, మెదిపిన పప్పు, లీటరున్నర నీళ్ళు, ఉప్పు, దంచిన మిరియాలు. ముక్క ఉడికాకే నూడుల్స్. పాకెట్ నూడుల్స్ చాలావరకు ఫ్యాక్టరీలోనే ఆవిరి మీద ఉడికి, నూనెలో వేగి వస్తాయి కాబట్టి రెండు నిమిషాలు చాలు. ముందే వేస్తే రసమంతా పీల్చుకుని ముద్దవుతాయి. నెయ్యి అక్కర్లేదు, దించాక నిమ్మకాయ పిండండి. ఆ మసాలా పొడి మాత్రం పక్కన పడేయండి.

పొడి మీద నాకింత పట్టుదల ఎందుకంటే, మాది మదనపల్లె పక్క పల్లె. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మా తోటలో కాయ లేదు. కాయ విరగకాసిన ఏడాది కోత కూలి కూడా రాక, నాయన మార్కెట్ నుంచి ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. ఆ రాత్రి నేను హాస్టల్లో 'టమాటా ఫ్లేవర్' అని రాసున్న పాకెట్ చించుతున్నా. ఫోన్లో "తిన్నావా" అనడిగాడు. "తిన్నా నాయనా" అన్నాను. ఏం తిన్నానో చెప్పలేకపోయాను.

ఒక్క గిన్నె సూప్‌తో మార్కెట్ ధర లేవదని నాకూ తెలుసు. కానీ టమాటా తోటలో పెరిగినవాడు టమాటా వాసనున్న పొడి కొనుక్కోవడం నాకు సిగ్గుగానే ఉంది.

మొన్న ఊరి నుంచి సంచెడు టమాటాలు తెచ్చాను. ఇది రాస్తుంటే మా రూమ్మేట్ కుక్కర్ పక్కన నిలబడి విజిల్స్ లెక్కపెడుతున్నాడు. వాడికి జ్వరమేం లేదు.