రక్తంలో కాల్షియం సరిగా ఉంటే ఎముకలు బాగున్నట్టేనా?



"బిడ్డకు కాళ్ళ నొప్పులు, ఎదుగుదల లేదు, కాల్షియం టెస్టు రాయండి" అని అడిగే తల్లిదండ్రులు చాలామంది. రిపోర్టులో అంకె సరిగా ఉంటే నిశ్చింతగా ఇంటికి పోతారు. కొందరు పరీక్ష కూడా లేకుండా మందుల షాపులో టానిక్ సీసా కొంటారు. ఈ రెండూ చాలవని మా అభిప్రాయం. బిడ్డ కాళ్ళు, పళ్ళు, తాగే నీళ్ళు, తినే తిండి చూడకుండా ఒక్క రక్తపరీక్షతో తేల్చకూడదు.

ఎందుకంటే మన ఒంట్లోని కాల్షియంలో నూటికి 99 పాళ్ళు ఎముకల్లో, పళ్ళల్లో ఉంటుంది. గుండె, నరాలు, కండరాలు పనిచేయాలంటే రక్తంలో కాల్షియం తగ్గకూడదు. తిండిలో చాలకపోతే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల నుండి తీసి రక్తానికి ఇస్తాయి. తిండిగింజలు అయిపోయినప్పుడు విత్తనాలకు దాచినవి వండుకున్నట్టే ఇది. అందుకే ఎముకలు గుల్లబారుతున్నా రక్తంలో అంకె సరిగానే కనిపించవచ్చు.

మన జిల్లాలో దీనికి ఫ్లోరైడ్ తోడైంది. నందికొండ దగ్గర 1955లో సాగర్ డ్యాముకు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. కానీ మర్రిగూడ, మునుగోడు వంటి మెట్ట ప్రాంతాల జనం ఆ తరువాత కూడా ఎన్నో ఏండ్లు బోరు నీళ్ళే తాగారు. నల్లగొండ జిల్లాలో ఎదిగే పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో 'లాన్సెట్' పత్రికలో రాశారు. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లలకు ఫ్లోరైడ్ మరింత హాని చేస్తుంది. 2016లో మొదలైన మిషన్ భగీరథతో చాలా ఊళ్ళకు కృష్ణా నీళ్ళు వచ్చాయి. అయినా నల్లా రాని రోజున బోరింగు దగ్గరికి పోయే అలవాటు ఉంటే ప్రమాదం ఉన్నట్టే. ఫ్లోరైడ్ రుచికి తెలియదు. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీళ్ళు తాగడానికి, వంటకు పనికిరావు.

తల్లులు గమనించవలసిన గుర్తులు ఇవి: ఏడాదిన్నర దాటినా నడక రాకపోవడం, మాడు పూడకపోవడం, పళ్ళు ఆలస్యంగా రావడం, మణికట్టు లావుగా ఉండడం, పక్కటెముకల మీద పూసల వంటి బొడిపెలు, చేతివేళ్ళు కొంకర్లు పోవడం. రెండేళ్ళలోపు దొడ్డికాళ్ళు, మూడు నుండి ఐదేళ్ళ మధ్య మోకాళ్ళు కొంచెం ఒరుసుకోవడం చాలామంది పిల్లల్లో సహజమే. ఏడేళ్ళు వచ్చేసరికి సర్దుకుంటాయి. వంకర పెరుగుతున్నా, ఒక్క కాలికే ఉన్నా, నొప్పి ఉన్నా ఆలస్యం చేయకండి. జ్వరం లేకుండా పసిబిడ్డకు ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టి కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

డాక్టరు అనుమానిస్తే కాల్షియంతో పాటు ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి పరీక్షలు, మణికట్టు లేదా మోకాలి ఎక్స్‌రే రాస్తారు. అవసరమైతే కిడ్నీ పరీక్ష కూడా చేస్తారు. ఎదిగే పిల్లల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెద్దవాళ్ళకన్నా ఎక్కువే ఉంటుంది కనుక రిపోర్టు చూసి మీరే భయపడవద్దు. ఇంట్లో బోరు నీళ్ళు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి. ఆ నీళ్ళను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి.

"మనకు ఎండకు కొదవా?" అంటారు కొందరు. ఎండ కావలసిందే, కానీ అదొక్కటే చాలదు. ఎండలు బాగా కాసే నైజీరియాలో రికెట్స్ వచ్చిన పిల్లలకు విటమిన్ డి ఒక్కటే ఇవ్వడం కన్నా కాల్షియం ఇచ్చినప్పుడే ఎక్కువ గుణం కనిపించిందని 1999లో వెలువడిన పరిశోధన చెప్పింది. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం నాలుగు నుండి ఆరేళ్ళ బిడ్డకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పది నుండి పన్నెండేళ్ళ బిడ్డకు 850 కావాలి. వంద గ్రాముల బియ్యంలో పదికి అటూ ఇటూ, జొన్నల్లో ముప్పై లోపే ఉంటుంది. అదే వంద గ్రాముల తైదల్లో మూడు వందలకు పైగా ఉంటుంది. పెద్ద గ్లాసు పాలు రెండు వందలకు పైగా ఇస్తాయి. తైదల అంబలి, పెరుగు, మునగాకు పప్పు, నువ్వుల లడ్డు మన ఇళ్ళకు కొత్తవి కావు. తైదలు పేదల తిండి అని చిన్నచూపు చూసి, ఆ డబ్బుతో పిల్లలకు చిప్స్ ప్యాకెట్లు కొనడం ఏం న్యాయం?

చివరిగా ఒక మాట. బలానికని సలహా లేకుండా విటమిన్ డి సూదులు మళ్ళీ మళ్ళీ వేయించవద్దు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు చెడిపోతాయి. కాళ్ళు వంకర పోవడం శాపమూ కాదు, తలరాతా కాదు. రికెట్స్‌ను చిన్న వయసులోనే గుర్తిస్తే మందులతో, తిండితో చాలావరకు కాళ్ళు చక్కబడతాయి. ఫ్లోరైడ్ వల్ల ఎముకకు జరిగిన చెరుపును మాత్రం వెనక్కి తిప్పడం కష్టం. దేవుడు మన చేతికి అప్పగించిన బిడ్డలు వీరు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ బిడ్డను నిటారుగా నిలబెట్టి, రెండు కాళ్ళూ ఒకసారి శ్రద్ధగా చూడండి. అనుమానం ఉంటే సోమవారమే తీసుకురండి.