వేగమే యానందమా?

రెండు క్రీడా కూపేలలో నేది మేలైనదని యడిగినంతనే, దాని యశ్వశక్తి యెంత, నిలిచినచోటినుండి నూరు కిలోమీటర్ల వేగమందుకొనుట కెన్ని సెకండ్లు పట్టును, జర్మనీదేశపు న్యూర్‌బర్గ్‌రింగ్ ఉత్తరవలయము నెన్ని నిమిషములలో చుట్టివచ్చెను అను మూడు లెక్కలను ముందుంచి, వానినిబట్టియే పట్టము గట్టుట నేడు లోకరీతియై యున్నది. ఈ మతము సుఖసాధ్యమేగాని సత్యము గాదు.

లెక్కలకు పక్షపాతము లేదనియు, వంపులలో స్థైర్యమును, బ్రేకులలో పటుత్వమును లేని కారు 20.8 కిలోమీటర్ల యా కఠినపథమును శీఘ్రముగా దాటజాలదనియు ప్రతిపక్షులు వాదింతురు. అంతవరకు నిజమే. 2007లో వెలువడిన నిస్సాన్ జీటీ-ఆర్, ఇంచుమించు 1,740 కిలోల బరువు మోయుచునే, జంట టర్బోల 3.8 లీటర్ల యింజనుతో నాలుగు చక్రములను ద్రిప్పుచు, మరుసటి యేట 7 నిమిషముల 29 సెకండ్లలో నా వలయమును చుట్టినదని ప్రకటింపగా, పోర్షేవారు నమ్మజాలక ఆ లెక్కనే శంకించిరి. ఆ కారును నిర్మించినవారి ప్రతిభను నేను తక్కువ సేయను. కాని గడియారము కొలిచినది, మూసిన దారిపై ఆరితేరిన చాలకుని చేతిలో కారు చూపిన సామర్థ్యమునేగాని, ఆ చేతికి గలిగిన యనుభవమును గాదు.

ఆ యనుభవ మెట్టిదో చూడుడు. మూడవ గేరులో వచ్చుచున్న కారు ఇరుకుమలుపును సమీపించినది. కుడిపాదపు ముందుభాగము బ్రేకును, ఎడమపాదము క్లచ్చిని నొక్కియుండగా, చేయి గేరుకడ్డీని రెండవ గేరునకు లాగుచుండును. ఆ లోపల కుడిపాదపు టంచు యాక్సిలరేటరును క్షణమాత్రము తాకును. ఇంజను ఒక్క హుంకారముతో లేచి చక్రముల వేగముతో శ్రుతి కలిపినచో, క్లచ్చి విడిచినప్పుడు కారు కుదుపెరుగదు. శ్రుతి తప్పెనా, ఆ కుదుపే గురువై మందలించును. జంటక్లచ్చుల గేరుపెట్టె యీ పనిని రెప్పపాటులో, తప్పులేకుండ నెరవేర్చును. అయితే పని దానిది, తృప్తియు దానికే చెందవలెను.

ఇది కేవలము నా యభిరుచి గాదు. 2013లో పోర్షేవారు 911 జీటీ3ని, శీఘ్రతరమను కారణమున, జంటక్లచ్చుల పెట్టెతో మాత్రమే విక్రయించిరి. మూడేండ్లు తిరుగకమునుపే, 500 అశ్వశక్తుల యింజనునకు చేతిగేర్లు జతపరచి, వెనుకనుండు స్థిరమైన రెక్కను తీసివేసి, 911 ఆర్ అను పేరిట 991 కార్లు నిర్మింపగా, రసికులు వానికై యసలు ధరను మించి యెంతో వెచ్చించిరి. 2017లో జీటీ3కే చేతిగేర్లు తిరిగివచ్చెను. వేగమే యానందమైనచో, మందతరమైన గేరుపెట్టె నెవరు కోరుదురు?

2012లో వచ్చిన టొయోటా 86 చెప్పు పాఠమును నిదియే. రెండు లీటర్ల యింజను, 200 అశ్వశక్తులు, 1,250 కిలోలకు లోబడిన బరువు. టైర్లా, ఇంధనపు పొదుపునకై చేసిన ప్రయస్ కారునకు వాడిన తరగతివి! పట్టు పరిమితమగుటచే, టైర్లు జారనారంభించు హద్దు మితవేగముననే యెదురై, చాలకునికి దానిని తెలిసికొను నవకాశము గలుగును. వేగము రెట్టింపైనచో గతిశక్తి నాలుగురెట్లగును గదా. మహాబలముగల కూపే తన హద్దును చూపునప్పటికి, పొరపాటునకు క్షమాపణ యుండని వేగము వచ్చియుండును. బాటపై దాని బలము నిదురించుచునే యుండును. అట్టి బలమును పట్టికలో జూచి మురియుట వాపును చూచి బలుపనుకొనుటయే.

కావున, కారు కొనదలచిన పాఠకుడా, పట్టికను మూసిపెట్టి, మలుపులు గల దారిలో, చట్టము విధించిన వేగమునకు లోబడి, గంటసేపు నడిపి చూడుము. ఆ వేగముననే నీ చేతులకు పనియు, మనస్సునకు తృప్తియు గల్పించినదే మేలైన కారు.