వాడని తుపాకీ ఎవరి మీద పనిచేస్తుంది?

ఇంట్లో ఒక పాత రివాల్వర్ వుంది. ఏళ్ల తరబడి ఎవరూ దాన్ని పేల్చలేదు. దాన్ని ఇచ్చేసి ఆడవాళ్ల చేతికి సరిపోయే తేలికపాటి కొత్తదాన్ని తీసుకోవాలా, వద్దా? ఈ ప్రశ్న మనలో ఎక్కువమందికి ఎదురుకాదు. ఆయుధ లైసెన్సు వున్న ఇళ్లు తక్కువ. స్త్రీ పేరు మీద లైసెన్సు వున్న ఇళ్లు మరీ తక్కువ. అయినా దీని గురించి మనం మాట్లాడుకోవాలి. స్త్రీల భద్రత గురించి మన కుటుంబాలూ, ప్రభుత్వాలూ ఎలా ఆలోచిస్తాయో ఈ చిన్న బేరంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఏ తుపాకీ మంచిదని అందరూ అడుగుతారు. ఎవరి నుంచి రక్షణ అని మాత్రం ఎవరూ అడగరు.

ఈ బేరానికి సరుకు సిద్ధం చేసింది ప్రభుత్వ కర్మాగారమే. 2012 డిసెంబర్ 16న ఢిల్లీ బస్సులో జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత దేశమంతా రోడ్ల మీదికి వచ్చింది. జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలో నివేదిక ఇచ్చింది. పోలీసు వ్యవస్థని సంస్కరించమంది. భర్త చేసే అత్యాచారాన్ని కూడా నేరంగా గుర్తించమంది. ఈ రెండో సిఫారసుని ప్రభుత్వం పక్కన పడేసింది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా భర్తకి ఆ మినహాయింపు అలాగే వుంది. కానీ ఆ నివేదిక వచ్చిన ఏడాదికల్లా, 2014 జనవరిలో, కాన్పూర్ ఆయుధ కర్మాగారం నుంచి 'స్త్రీల కోసం' అంటూ 'నిర్భీక్' అనే .32 రివాల్వర్ బయటికి వచ్చింది. టైటానియం మిశ్రలోహంతో చేశారు. బరువు 500 గ్రాములు. ధర దాదాపు 1,22,000 రూపాయలు. నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి మరీ అమ్మారు.

ఆ పేరు చూడండి. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు బయటపెట్టకూడదని చట్టం వుంది కాబట్టి ఢిల్లీ అమ్మాయికి పత్రికలు 'నిర్భయ' అని పేరు పెట్టాయి. అదే అర్థం వచ్చే మాటని తెచ్చి తుపాకీకి పెట్టారు. చచ్చిపోయిన అమ్మాయి బిరుదు అమ్మకానికి పెట్టిన వస్తువు పేరయింది. సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక నాకు మాటల మీద కాస్త అనుమానం ఎక్కువ. 'భయం లేనిది' అని ఎవరిని అంటున్నారు? స్త్రీనా, వస్తువునా? లక్షకి పైగా పోసి భయం లేకపోవడాన్ని కొనుక్కోమంటే, అంత డబ్బు లేని స్త్రీలు భయపడుతూనే బతకాలని చెప్పినట్టే కదా? పొలం పని నుంచి చీకట్లో నడిచి వచ్చే స్త్రీ, రాత్రి షిఫ్టు చేసి బస్సు కోసం నిలబడే నర్సు, వీళ్లెవరూ ఆ ప్రకటనలో లేరు.

మా చిన్నమ్మది అనంతపురం వైపు పల్లె. చిన్నాయన చనిపోయాక ఆమె ఆ ఇంట్లో ఒంటరిగా వుంటోంది. ఆయన పేరు మీద కాన్పూర్‌లో తయారైన పాత .32 రివాల్వర్ వుండేది. ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, అయ్యాక తెచ్చుకునేవాడు. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా మనిషి మీద పేల్చలేదని చుట్టాలంతా గొప్పగా చెప్పుకుంటారు. ఇప్పుడు కొడుకులు లైసెన్సు ఆమె పేరు మీదికి మార్పించి, పాతదాన్ని అమ్మేసి, తేలికైన కొత్తది కొనాలంటున్నారు. అమ్మ ఒక్కతే వుంటుంది కదా అని వాళ్ల బాధ. అది దొంగ బాధ అని నేను అనను. ఊళ్లో దొంగతనాలు జరిగాయి. రాత్రిపూట కుక్కలు మొరిగితే ఆమెకి నిద్ర పట్టదన్నది కూడా నిజం.

"నీకేమనిపిస్తోంది చిన్నమ్మా?" అని అడిగాను.

"మీ చిన్నాయన కొట్టేవాడు కాదు పాపా. కోపమొస్తే బీరువా తలుపు తీసి పెట్టేవాడు. అంతే. ఇంక ఇంట్లో ఎవురూ నోరెత్తేవాళ్లు కాదు" అంది.

ఈ మాట విన్నాక 'అరుదుగా వాడిన తుపాకీ' అనే మాటకి అర్థం మారిపోవాలి. వాడటం అంటే పేల్చడమేనా? ముప్ఫై ఏళ్లు బీరువాలో వున్న ఆ రివాల్వర్ ప్రతిరోజూ పనిచేసింది. ఆమె పుట్టింటికి వెళ్తానని అడగకుండా ఆపింది. కూతురు చదువు ఇంటర్‌తో ఆగిపోతుంటే అడ్డం చెప్పనివ్వలేదు. ఒక్క గుండు ఖర్చు కాలేదు, ఒక్క కేసూ నమోదు కాలేదు. దొంగ మీదా, శత్రువు మీదా ఒక్కసారి కూడా గురిపెట్టని ఆయుధం ఇంట్లో మనుషుల మీద మాత్రం ఎప్పుడూ గురిపెట్టే వుంది. లైసెన్సు రెన్యువల్ కోసం విచారణకి వచ్చిన ఏ అధికారీ అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమెని పిలిచి, "ఈ ఇంట్లో తుపాకీ వుండటం నీకు ఇష్టమేనా?" అని అడగలేదట.

ఇది ఒక ఇంటి కథేనని కొట్టిపారేయడానికి లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 18 నుంచి 49 ఏళ్ల మధ్య వున్న వివాహిత స్త్రీలలో భర్త హింసకి గురైనవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 30 శాతం. 2022లో దేశంలో స్త్రీల మీద నమోదైన నేరాలు 4,45,256. అందులో మూడో వంతుకి దగ్గరగా వున్నవి భర్తా, అతని బంధువులూ పెట్టిన హింస కేసులే. అత్యాచారం కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే అయివుండటం ఏటేటా నూటికి తొంభైకి పైగా. ప్రమాదం ఎక్కువగా గడపకి ఇవతలే వుంది. తుపాకీ గురి మాత్రం గడప అవతలికి చూపిస్తారు.

తుపాకీ చాలా ఇళ్లలో దొరికే అమెరికాలో ఏం జరిగిందో కూడా చూద్దాం. అక్కడ కంపెనీలు 1980లలోనే ఆడవాళ్ల కోసమని చిన్న రివాల్వర్లు అమ్మేవి. కాలిఫోర్నియాలో లక్షలాదిమంది వివరాలు పరిశీలించి స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. చేతితుపాకీ వున్న మనిషితో కలిసి బతికేవాళ్లు జీవిత భాగస్వామి తూటాకి చనిపోయే ప్రమాదం, తుపాకీ లేని ఇళ్లలో వాళ్లకన్నా ఏడు రెట్లు. అలా చనిపోయినవాళ్లలో నూటికి ఎనభై నలుగురు స్త్రీలు. అదే బృందం 2020లో ప్రచురించిన మరో అధ్యయనం ప్రకారం, చేతితుపాకీ సొంతంగా వున్న స్త్రీలు దానితో ఆత్మహత్య చేసుకునే రేటు, లేని స్త్రీలకన్నా ముప్ఫై అయిదు రెట్లు. మన దేశంలో స్త్రీలు తుపాకీతో కన్నా కిరోసిన్‌తో, కొడవలితో, ఉరితాడుతోనే ఎక్కువ చనిపోతారు, నిజమే. కానీ ఆయుధం ఏదైనా ఇంట్లో బలమున్నవాడి చేతికే ముందు అందుతుందన్న సంగతి అక్కడా ఒకటే, ఇక్కడా ఒకటే.

అయితే స్త్రీకి ఆత్మరక్షణ హక్కు లేదా అని అడుగుతారు. వుంది. అత్యాచారం చేయడానికి మీదపడినవాడిని చంపినా అది నేరం కాదని పాత శిక్షాస్మృతిలోనూ వుంది, కొత్త న్యాయ సంహితలోనూ వుంది. ఆ హక్కుని నేను వదులుకోమనడం లేదు. కానీ హక్కు వేరు, ఈ వస్తువు వేరు. రివాల్వర్‌ని తాళం వేసి దాచాలి, గుళ్లు విడిగా పెట్టాలి, క్రమం తప్పకుండా సాధన చేయాలి. అరవై దాటిన మనిషి అర్ధరాత్రి లేచి, కళ్లజోడు వెతుక్కుని, తాళం తీసి, గుళ్లు నింపుకుని నిలబడేలోగా వచ్చినవాడు ఆగుతాడా? వచ్చినవాడు తెలిసినవాడైతే, బావగారి కొడుకో పక్కింటివాడో అయితే, పేల్చగలదా? బరువు తగ్గినంత మాత్రాన ఈ ప్రశ్నలు తేలికవుతాయా? పాతదానిలోనూ, కొత్తదానిలోనూ పట్టేది అదే .32 తూటా.

ఇంకో వాదన మన శిబిరంలోంచే వస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు తుపాకులు పట్టలేదా, మల్లు స్వరాజ్యం దళాన్ని నడపలేదా అని. నడిపింది. అందుకు మనందరం గర్వపడతాం. కానీ ఆ తుపాకీ వెనక దళం వుంది, సంఘం వుంది, ఊళ్లకి ఊళ్లు వున్నాయి. భూమి దున్నేవాడిదే కావాలన్న కోరిక వుంది. ఆమె చేతిలో తుపాకీ ఆమెని ఇంట్లోంచి బయటికి తెచ్చింది. నగల పెట్టెలో వచ్చే రివాల్వర్ స్త్రీని ఇంట్లోనే కూర్చోబెట్టి తలుపు గడియ పెట్టుకోమంటుంది. పోరాటం అయ్యాక ఆ స్త్రీలని తిరిగి వంటింట్లోకి పంపేశారని స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' మనకి ఎప్పుడో చెప్పింది. ఆయుధం చేతికివ్వడమూ, అధికారం ఇవ్వడమూ ఒకటి కావని అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

మన పేరు చెప్పి పేల్చిన తుపాకులు మరికొన్ని వున్నాయి. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో యాసిడ్ దాడి కేసు నిందితులు ముగ్గురినీ, 2019 డిసెంబర్ 6న 'దిశ' కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. జనం పూలు చల్లారు. 'దిశ' కనిపించలేదని ఆ రాత్రి ఇంటివాళ్లు వెళ్తే కేసు నమోదు చేయడంలో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేసిన సంగతి ఆ పూల కింద కప్పడిపోయింది. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతో జరిపినవేనని తేల్చింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చే నాటికి పూలు చల్లినవాళ్లు వేరే పనుల్లో వున్నారు. ఫిర్యాదు తీసుకోవడం కష్టం, కాల్చడం సులభం. బస్సు వేయడం కష్టం, రివాల్వర్ అమ్మడం సులభం. ప్రభుత్వమైనా, కుటుంబమైనా సులభమైనదే మన చేతిలో పెట్టి భద్రత అంటోంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మా చిన్నమ్మ పేరు మీదికి లైసెన్సు మార్పించడానికి ఇంత హడావిడి పడుతున్న ఇంట్లో, చిన్నాయన పేరు మీదున్న పొలం పాస్ పుస్తకంలో ఆమె పేరు ఎక్కించాలన్న తలంపు ఎవరికీ రాలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త ఆస్తిలో బిడ్డలతో సమానంగా ఆమెకీ వాటా వుంది. దానికి ఏ కలెక్టరు దయా అక్కర్లేదు. కూతురికి కూడా సమాన వాటా వుంది. ఆ మాట ఎత్తితే మాత్రం, "ఇప్పుడా గొడవలెందుకు? అమ్మని మేం చూసుకోమా?" అంటారు. చూసుకునేవాళ్లే అయితే రివాల్వర్ ఎందుకు? చూసుకోలేమనుకుంటే భూమి ఎందుకు ఇవ్వరు? భూమి చేతిలో వున్న స్త్రీ దగ్గరికి నలుగురు వస్తారు, పలకరిస్తారు, కౌలుకి అడుగుతారు, రాత్రి తోడు పడుకోవడానికి మనిషిని పెట్టుకోగలుగుతుంది. రివాల్వర్ వున్న స్త్రీ దగ్గరికి దాన్ని దొంగిలించేవాడు వస్తాడు.

కాబట్టి నా సలహా పాతదాన్ని కొత్తదానితో మార్చుకోమనీ కాదు, పాతదాన్నే వుంచుకోమనీ కాదు. లైసెన్సు వద్దని రాసివ్వండి. ఆయుధాన్ని చట్టప్రకారం వదిలించుకోండి. 1959 ఆయుధాల చట్టంలో దానికి దారి వుంది. లైసెన్సు వున్న మరో మనిషికి అమ్మాలన్నా జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా చెప్పి నలభై అయిదు రోజులు ఆగాలి. ఆ నలభై అయిదు రోజుల్లో మరో పని కూడా చేయొచ్చు. తహశీల్దారు ఆఫీసుకి వెళ్లి పాస్ పుస్తకంలో పేరు మార్పుకి దరఖాస్తు పెట్టొచ్చు.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది కూడా ఒకటుంది. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, గృహహింస కేసులో రక్షణ ఉత్తర్వు ఎదుర్కొంటున్న మనిషి దగ్గర తుపాకీ వుండకూడదన్న చట్టాన్ని సమర్థించింది. తుపాకీని హక్కుగా కొలిచే దేశంలోనే ఆ మాత్రం జరిగింది. ఇక్కడ తుపాకీ హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఆ అనుమతి ఇచ్చే ముందూ, రెన్యువల్ చేసే ప్రతిసారీ, ఆ ఇంట్లో స్త్రీలని విడిగా, మగవాళ్లెవరూ లేని చోట కూర్చోబెట్టి అడగాలి. వాళ్లు వద్దంటే ఇవ్వకూడదు. బీరువా తలుపు తెరుచుకున్నప్పుడు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో వాళ్లకి తెలుసు.