మారియో చూపించిన పణజి

గోవా అంటే మనవాళ్లకి సముద్రమే. ఇసుకలో ఓ ఫొటో, అలల్లో ఇంకో ఫొటో, తిరిగొచ్చేటప్పుడు జీడిపప్పు పొట్లాలు... అక్కడితో గోవా అయిపోయినట్టే! రాజధాని పణజి ఎలా ఉంటుందని అడిగితే ‘అక్కడ బస్సు మారాం’ అనేవాళ్లే ఎక్కువ.

జూన్‌ మొదటివారంలో విజయవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్‌ ఎక్కిన ఓ కుటుంబం కూడా అలా అనుకునే బయల్దేరింది. తండ్రి బ్యాంకు ఉద్యోగి. తల్లి స్కూల్లో టీచరు. కూతురు బడి తెరిస్తే ఆరో తరగతి. దూద్‌సాగర్‌ జలపాతం పక్కనుంచి రైలు వెళ్తుంటే ముగ్గురూ కిటికీకి అతుక్కుపోయారు. సెలవు బాగా మొదలైందనుకున్నారు. తీరా మర్నాడు కలంగుట్‌ బీచ్‌కి వెళ్తే ఏముందీ... ఎర్రజెండాలు! వానాకాలంలో అక్కడ సముద్రంలోకి దిగనివ్వరు. ఒడ్డున నిలబడి గొడుగుతో కుస్తీ పట్టడం తప్ప చేసేదేం లేదు. పాప మొహం చిన్నబోయింది.

‘‘పోనీ పణజి వెళ్దామా అండీ?’’ అంది తల్లి.

‘‘అక్కడేముంది?’’ అన్నాడాయన.

అయినా బస్సెక్కారు. హోటల్‌ గదిలో కూర్చుని టీవీ చూడ్డానికి అంతదూరం రావడం ఎందుకు!

పణజిలో దిగారో లేదో వాన మళ్లీ అందుకుంది. తల దాచుకోవడానికి దగ్గర్లోని ఓ బొమ్మల దుకాణంలోకి దూరారు. లోపల గోడలనిండా బొమ్మలే. అచ్చువేసిన కాగితాల మీద, కప్పుల మీద, పింగాణీ పలకల మీద, సంచుల మీద. అన్నీ ఒక్క చేతి గీతలే. నల్లసిరా గీతతో కిక్కిరిసిన జనం. గుడ్లు మిటకరించి చూసే మీసాలాయన, గౌను వేసుకున్న లావుపాటి అమ్మగారు, గొడుగు కింద చర్చి ఫాదరు, బల్లమీద తల వాల్చేసిన తాగుబోతు. చేపల బజారు బొమ్మ ముందు పాప ఆగిపోయింది. ‘‘అమ్మా, ఇందులో కుక్కలెన్నున్నాయో చెప్పు?’’ అంది. తల్లి మూడంది. పాప అయిదంది. తండ్రి కళ్లజోడు సవరించుకుని బుట్ట వెనక దాక్కున్న ఆరోదాన్ని పట్టుకున్నాడు. బయట వాన ఎప్పుడు వెలిసిందో ముగ్గురికీ తెలియలేదు.

ఆ బొమ్మలు మారియో మిరండావి. ఇంగ్లిషు పత్రికలు చదివే పాతతరానికి ఆ పేరు కొత్తకాదు. టైమ్స్‌ ఆఫ్‌ ఇండియాలో ఆర్‌.కె.లక్ష్మణ్‌తోపాటు పనిచేసిన కార్టూనిస్టు ఆయన. చుక్కల గౌను సెక్రటరీ మిస్‌ ఫోన్సెకా, సినీతార మిస్‌ నింబూపానీ, మంత్రిగారు బండల్‌దాస్‌ ఆయన పాత్రలే. 1926 మే 2న డామన్‌లో పుట్టాడు. పెరిగింది దక్షిణ గోవాలోని లౌటోలిం అనే ఊళ్లో, మూడొందల ఏళ్ల నాటి సొంత భవంతిలో. శ్యామ్‌ బెనెగల్‌ ‘త్రికాల్‌’ (1985) సినిమా తీసింది ఆ ఇంట్లోనే.

చిన్నప్పుడు కనిపించిన గోడ మీదల్లా గీసేవాడట. విసిగిపోయిన తల్లి ఓ తెల్లకాగితాల పుస్తకం చేతికిచ్చింది. ఇక అదే డైరీ అయింది. ఊళ్లో ఎవరింట్లో పెళ్లి, ఎవరు ఎవరితో పోట్లాడారు, చర్చిలో ఎవరు కునుకు తీశారు... అన్నీ బొమ్మల్లోనే. 1949, 1950, 1951 సంవత్సరాల డైరీలు తర్వాత పుస్తకాలుగానూ వచ్చాయి. ఇంతా చేసి ఆయన బొమ్మలు వేయడం ఏ బళ్లోనూ నేర్చుకోలేదు. బొంబాయి సెయింట్‌ జేవియర్స్‌ కాలేజీలో చదివింది చరిత్ర. నాలుగేళ్లు ప్రకటనల సంస్థలో పనిచేశాక పత్రికల్లోకి వచ్చాడు. మొదట కాదన్న టైమ్స్‌ సంస్థే తర్వాత పిలిచి ఉద్యోగమిచ్చింది. గుల్బెంకియన్‌ ఫౌండేషన్‌ ఉపకారవేతనం మీద పోర్చుగల్‌లో ఓ ఏడాది, ఆపైన లండన్‌లో అయిదేళ్లు ఉన్నాడు. చివరికి లౌటోలిం ఇంటికే చేరాడు. 2011 డిసెంబరు 11న అక్కడే కన్నుమూశాడు. 1988లో పద్మశ్రీ, 2002లో పద్మభూషణ్‌, పోయాక 2012లో పద్మవిభూషణ్‌ వచ్చాయి.

ఆయన బొమ్మలు ఇప్పుడు ఇలా విడిగా దొరుకుతున్నాయంటే అందులో ఆర్కిటెక్టు జెరార్డ్‌ ద కున్హా పాత్ర చాలా ఉంది. పాత పత్రికల్లోనూ అక్కడా ఇక్కడా చెల్లాచెదురైన బొమ్మల్ని పోగుచేసి పెద్ద పుస్తకం వేసింది ఆయనే. గోవా ఇళ్ల కథ చెప్పడానికి పణజికి దగ్గర్లోని తొర్దాలో మూడు రోడ్ల మధ్య ఓడ ఆకారంలో మ్యూజియం కట్టిందీ ఆయనే. ఇంకోమాట. మారియో చాలావరకూ పత్రికలో అచ్చు కావడానికే గీశాడు. కాబట్టి అసలు బొమ్మ లేదే, ఇది నకలే అని కొనేవాళ్లు బాధపడాల్సిన పనిలేదు. అచ్చులోనే పూర్తయ్యే బొమ్మలవి.

విజయవాడ టీచరుగారు ఆ బొమ్మల్ని చూసిన తీరు మాత్రం వేరు. చిన్నప్పుడు వారపత్రికల్లో బాపు బొమ్మలు ఎదురుగా పెట్టుకుని దిద్దిన చెయ్యి ఆమెది. పెళ్లయ్యాక ముగ్గు తప్ప గీత గీసింది లేదు. ‘‘బాపు సగం గీసి వదిలేస్తాడు, మిగతాది మనమే చూసుకోవాలి. ఈయనేమో వేలెడు జాగా కూడా వదల్లేదు’’ అందామె. నిజమే. బాపు బొమ్మలో ఒక జడ, ఒక మెడ వంపు చాలు... చుట్టూ ఉన్న తెల్లకాగితం కూడా బొమ్మలో భాగమే. మారియోకి ఖాళీ అంటే గిట్టదు. జనం, జనం వెనక జనం, వాళ్ల వెనక కిటికీలోంచి తొంగిచూసే ఇంకొకరు. ఇద్దరూ మాత్రం బొమ్మ వేసేముందు ఊరిని నమిలి మింగినవాళ్లే.

చేపల బజారు బొమ్మ కొన్నారు. చుట్టచుట్టి ప్లాస్టిక్‌ సంచిలో పెట్టించుకుని బయటికొచ్చారు. అక్కణ్నుంచి మొదలైంది అసలు షికారు. పాపకి ఊరంతా ఆ బొమ్మలాగే కనిపించడం మొదలైంది. సైకిల్‌ వెనక బుట్ట కట్టుకుని హారన్‌ మోగిస్తూ రొట్టెలమ్మే ‘పొదేర్‌’ని చూసి ‘‘ఇతను ఆ దుకాణంలో ఉన్నాడు’’ అని గట్టిగా అరిచింది. డబ్బులిచ్చిన మనిషిని బండి వెనక ఎక్కించుకుపోయే మోటార్‌సైకిల్‌ ట్యాక్సీవాణ్ని అక్కడ పైలట్‌ అంటారంటే పడీపడీ నవ్వింది. పాత ఇళ్ల గుమ్మం ముందు ఎదురెదురుగా రాతి బల్లలు ఉంటాయి. ‘బాల్కావ్‌’ అంటారు. మన పల్లెల్లో వీధరుగు చేసే పనే అదీ చేస్తుంది. సాయంత్రమయ్యేసరికి ఊరి కబుర్లన్నీ అక్కడికి చేరతాయి. మారియో సరుకంతా సగం అక్కడే దొరికి ఉంటుంది!

పణజి పెద్ద ఊరేం కాదు. కాళ్లలో ఓపిక ఉంటే చూడాల్సినవన్నీ నడిచే చూడొచ్చు. పాత గోవాను రోగాలు తినేశాక పోర్చుగీసులు జనంతో సహా నది వెంట ఇటు జరిగారు. 1843లో దీన్నే రాజధాని చేశారు. ఊరి నడిబొడ్డున తెల్లటి ఇమాక్యులేట్‌ కన్సెప్షన్‌ చర్చి. 1541లో చిన్న ప్రార్థనామందిరంగా మొదలై, 1619లో ఇప్పటి రూపు దిద్దుకుంది. అటూ ఇటూ మెలికలు తిరుగుతూ పైకెళ్లే మెట్లే దాని అందం. మాండవి ఒడ్డున పాత సచివాలయం పక్కనున్న విగ్రహం దగ్గర అందరూ ఒక్క క్షణం తికమకపడతారు. పొడవాటి అంగీ వేసుకున్న ఆయన చేతులు చాచి ఉంటే, ఎదుట ఓ స్త్రీ వెనక్కి వాలిపోతూ ఉంటుంది. ‘‘ఆవిడ పడిపోతుంటే పట్టుకోడేం నాన్నా?’’ అంది పాప. ఆయన అబే ఫారియా. 1756లో ఇక్కడి కాండోలింలో పుట్టి పారిస్‌ వెళ్లి హిప్నటిజానికి పేరు తెచ్చిన మతాచార్యుడు. 1945లో ఆ విగ్రహం చేసిందీ గోవా శిల్పే, రామచంద్ర పాండురంగ కామత్‌. అలెగ్జాండర్‌ డ్యూమా ‘మాంటీ క్రిస్టో’ నవలలో చెరసాలలో కనిపించే ముసలి ఫారియాకి ఈయన పేరే పెట్టాడు.

ఇక ఫాంటెన్యాస్‌. ఆల్తినో గుట్ట కింద సన్నటి సందులు. పసుపు, నీలం, కావిరంగు గోడలు, ఎర్రపెంకుల కప్పులు, ఇనప కమ్మీల బాల్కనీలు, నీలం గీతల పలకల మీద ఇంటి పేర్లు. చర్చికే తెలుపు, ఇళ్లకు రంగులు అనేది పోర్చుగీసుల నాటి ఆనవాయితీ అంటారు. కొన్ని ఇళ్ల కిటికీలకు గాజు ఉండదు. పల్చటి ఆల్చిప్పల్ని చదరపు ముక్కలుగా కోసి చెక్క చట్రాల్లో బిగించి ఉంటాయి. గాజు దొరకని రోజుల్లో ఎండ పోటు తగ్గించి వెలుతురు మాత్రం లోపలికి పంపే ఉపాయం అది. ఆ చిప్పల్లోంచి వచ్చే వెలుగు పాలరంగులో ఉంటుంది.

అంత అందం కళ్లముందుంటే ఎవరైనా ఊరుకుంటారా? తండ్రి సెల్‌ఫోన్‌ తీశాడు. పసుపు గోడ ముందు తల్లినీ కూతుర్నీ నిలబెట్టాడు. సరిపోలేదని మెట్టు మీద కూర్చోబెట్టాడు. తను మోకాళ్ల మీద వంగాడు. పై కిటికీ తెరుచుకుంది. ఓ పెద్దావిడ. కోపంగా అరిచిందీ లేదు, నవ్విందీ లేదు. చెయ్యి ఊపుతూ పక్కన గోడ మీది చిన్న పలకని చూపించింది. ఫొటోలు తీయవద్దని దాని మీద రాసి ఉంది. ‘‘పొద్దుట్నుంచీ మీరు ఎనిమిదో గుంపు. లోపల మావారు పడుకున్నారు’’ అంది హిందీలో. కిటికీ మూసుకుంది.

తండ్రికి తల కొట్టేసినట్టయింది. సారీ చెప్పడానికి కూడా ఎవరూ లేరు. ఫోన్‌ జేబులో పెట్టేసుకున్నాడు.

ఫాంటెన్యాస్‌ వాసుల బాధ ఇవాళ్టిది కాదు. గుమ్మంలో పెళ్లికి ముందు ఫొటో షూట్లు, మెట్ల మీద రీల్స్‌, పొద్దున తలుపు తీస్తే ఎదురుగా కెమెరా. చాలా ఇళ్లు ఇలాంటి పలకలు తగిలించుకున్నాయి. అక్కడ ఉంటున్నది మనుషులని, వాళ్లకీ జ్వరాలొస్తాయనీ, మధ్యాహ్నం ఓ కునుకు కావాలనీ చూడ్డానికొచ్చేవాళ్లకి తట్టదు. గోడ రంగు చాలు!

మారియో మాత్రం ఇతరుల ఇళ్లలోకి తొంగిచూడలేదా అంటే, చూశాడు. చర్చి ఫాదర్లనీ జమీందార్లనీ తాగుబోతుల్నీ వదల్లేదు. కాకపోతే ఆయన బొమ్మలో గోడ ఒక్కటే ఎప్పుడూ ఉండదు, ఆ గోడకి ఆనుకున్న మనిషి ఉంటాడు. ఆ మనిషి పేరు ఆయనకి తెలిసే ఉంటుంది. ఫోన్‌లో ఉన్న పదిహేడు ఫొటోల్లో అలాంటి మనిషి ఒక్కరూ లేరు. ఆ సంగతి కనిపెట్టింది తల్లి. కాఫీ తాగుతూ ఒక్కొక్కటీ జరిపి చూసి, ‘‘అన్నింట్లోనూ మనమే ఉన్నామండీ’’ అంది. ఆయనేం మాట్లాడలేదు.

సాయంత్రం మున్సిపల్‌ మార్కెట్‌కి వెళ్లారు. అక్కడ గోడల మీదా మారియో గీతలే... ఆయన బొమ్మలు పెద్దవి చేసి వేసినవి. వాటికిందే అసలు బజారు. గోడ మీద చేపలమ్మే ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఉంటే, కింద కూరలమ్మే ఆవిడ సరిగ్గా అలాగే నిలబడి బేరమాడుతోంది. తండ్రి చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్లింది. మళ్లీ బయటికొచ్చింది ఖాళీగానే. ఆవిడ దగ్గర అరడజను అరటిపళ్లు కొని, ఏ ఊరు, రోజూ ఇంతదూరం వస్తారా అని వచ్చీరాని హిందీలో అడుగుతూ పావుగంట నిలబడ్డాడు. తల్లి ఆ పక్కనే స్టేషనరీ దుకాణంలో గీతల్లేని నోటుపుస్తకం ఒకటి కొంది. మారియోకి వాళ్లమ్మ ఇచ్చిన పుస్తకం సంగతి ఆమెకి దుకాణం కుర్రాడు చెప్పాడు మరి.

మూడోరోజు కాస్త ఎండ కాసింది. ‘‘బీచ్‌కి వెళ్దామా?’’ అన్నాడు తండ్రి. పాప లౌటోలిం అంది. మారియో ఇల్లు కుటుంబానిది, పిలవందే లోపలికి వెళ్లలేం అని నచ్చజెప్పి తొర్దా తీసుకెళ్లారు. ఓడలాంటి ఆ కట్టడాన్నీ దగ్గర్లోని బొమ్మల్నీ చూసేసరికి రైలు టైమైంది. బీచ్‌ మిగిలిపోయింది. జీడిపప్పు పొట్లాలు మాత్రం మరిచిపోలేదు.

తిరుగు ప్రయాణంలో పాప నోటుపుస్తకం తెరిచింది. పై బెర్తులో గురక పెట్టే తాతగారు, చాయ్‌ కెటిల్‌ మోసే కుర్రాడు, హుబ్లీలో ఎక్కిన పెళ్లివారు. మధ్యలో తల్లి పెన్సిల్‌ అడిగి తీసుకుంది. చాలాసేపు ఊరికే పట్టుకు కూర్చుంది. తర్వాత తాతగారి ముక్కు సరిదిద్దింది. గుంతకల్లు దాటేసరికి పదకొండు పేజీలు నిండాయి. ఒకదాంట్లో తండ్రి ఉన్నాడు. పసుపు గోడ ముందు మోకాళ్ల మీద వంగి, చేతిలో ఫోనుతో. పైన కిటికీలోంచి ఓ ముసలావిడ చెయ్యి ఊపుతోంది. కింద ఒకటి కాదు, రెండు కుక్కలు.

ఆయన పుస్తకం దగ్గరగా పెట్టుకుని చూశాడు.

‘‘నా పొట్ట ఇంత లేదు’’ అన్నాడు.