ఉత్తరాంధ్ర పరిశ్రమలో యజమాని లేని డేటా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పరిశ్రమల్లోకి కంప్యూటర్ సాంకేతికత చాలావరకు బయటి ఒత్తిడి వల్లే వచ్చింది. జీఎస్టీ మొదలైనప్పుడు లెక్కల సాఫ్ట్‌వేర్ చేరింది. ఏడాది టర్నోవర్ 5 కోట్ల రూపాయలు దాటిన సంస్థలు ఇతర వ్యాపారులకు చేసే అమ్మకాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి కావడంతో దానికి తగిన ఏర్పాట్లు చేరాయి. విదేశీ కొనుగోలుదారు అడిగినందుకు ప్రయోగశాలలో ఒక వ్యవస్థ, బ్యాంకు అడిగినందుకు కార్యాలయంలో మరొకటి వెలిశాయి. ఒక్కో ఒత్తిడికి ఒక్కో పరికరం కొనుక్కుంటూ పోయిన ఈ తీరులో, రాబోయే అయిదేళ్లలో సంస్థ ఏం సాధించదలచుకుంది, అందుకు ఏ సమాచారం కావాలి, ఆ సమాచారం ఎవరి బాధ్యతలో ఉండాలి అన్న ప్రశ్నలతో మొదలైన ప్రణాళికకు చోటు దొరకడం అరుదు. ఫలితంగా యంత్రాలకు యజమాని ఉన్నాడు, గోదాములోని సరుకుకు యజమాని ఉన్నాడు, డేటాకు మాత్రం లేడు.

వ్యాపార సాంకేతిక ప్రణాళిక అంటే ఏ కంప్యూటర్ కొనాలి, ఎవరి దగ్గర కొనాలి అనే జాబితా అన్న అభిప్రాయం బలంగా ఉంది. నిజానికి ఆ జాబితా చివర రావలసినది. సంస్థ లక్ష్యం ఏమిటో తేలిన తర్వాత, దాన్ని చేరడానికి ఏయే నిర్ణయాలు తీసుకోవాలో, ఒక్కో నిర్ణయానికి ఏ రికార్డు ఆధారమో, ఆ రికార్డును ఎవరు రాయవచ్చు, ఎవరు మార్చవచ్చు, ఎవరు చూడవచ్చునో తేల్చుకోవాలి. అప్పుడే ఏ యంత్రం కావాలన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది. ఈ వరుస తలకిందులైతే ఎంత పెద్ద సంస్థ అయినా దెబ్బతింటుందనడానికి సాక్ష్యం ఈ ప్రాంతంలోనే ఉంది.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని పైడిభీమవరం పారిశ్రామికవాడ నుంచి ముడి ఔషధాలు అమెరికా వంటి దేశాలకు వెళ్తాయి. అక్కడున్న డాక్టర్ రెడ్డీస్ యూనిట్‌ను 2014 నవంబరులో తనిఖీ చేసిన అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2015 నవంబరు 5న ఒక హెచ్చరిక లేఖ పంపింది. అదే లేఖలో మిర్యాలగూడ, విశాఖపట్నం దగ్గరి దువ్వాడ యూనిట్ల ప్రస్తావన కూడా ఉంది. పైడిభీమవరం యూనిట్ విషయంలో ఆ లేఖ ప్రధానంగా ఎత్తి చూపినది యంత్రాల లోపాన్ని కాదు. అధికారం లేనివారు డేటాను చూడకుండా, మార్చకుండా ఆపే కట్టుదిట్టం లేదని, పరీక్షల డేటా లెక్కలోంచి జారిపోకుండా చూసే నియంత్రణలు చాలవని, నియంత్రణ సంస్థకు ముందుగా తెలియని ఒక ప్రయోగశాల అక్కడ ఉందని అది పేర్కొంది. లేఖ విషయం బయటికి వచ్చిన రోజునే స్టాక్ మార్కెట్లో కంపెనీ షేరు భారీగా పడిపోయింది.

ఔషధ రంగంలో ఈ అంశాన్ని డేటా సమగ్రత అంటారు. ఒక పరీక్ష ఫలితం నమోదైన క్షణం నుంచి అది ఎవరు రాసినదో, ఎప్పుడు రాసినదో, తర్వాత ఎవరైనా మార్చారో లేదో చెరగని జాడగా నిలిచి ఉండాలన్నది దాని సారాంశం. సరుకును పరీక్షించే పరికరం ఎంత ఖరీదైనదైనా, దానికి అనుసంధానమైన కంప్యూటర్‌లో ఫలితాన్ని తొలగించే అధికారం పరీక్ష చేసే ఉద్యోగికే ఉంటే, ఆ పరికరం ఇచ్చే ఏ అంకెనూ కొనుగోలుదారు నమ్మనక్కరలేదు. అమెరికా మార్కెట్‌లో విస్తరించాలన్నది కంపెనీ లక్ష్యమైనప్పుడు, ఏ ఉద్యోగికి ఏ మేరకు అధికారం ఇవ్వాలన్న చిన్న విషయం సాంకేతిక విభాగం సర్దుకోవలసిన పనిగా మిగలదు. అది ఆ లక్ష్యానికే ఆయువుపట్టు. పైడిభీమవరం అనుభవంలోని ఈ పాఠం ఔషధ కర్మాగారాల ప్రహరీ దాటి, పక్కనే ఉన్న చిన్న పరిశ్రమల దాకా ఇంకా రాలేదనే చెప్పాలి.

డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2020 అక్టోబరు 22న మరో రకం దెబ్బను ఎదుర్కొంది. దాని కంప్యూటర్ వ్యవస్థలపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. రాన్సమ్‌వేర్ అంటే కంప్యూటర్‌లోకి చొరబడి, ఫైళ్లన్నిటినీ తెరవడానికి వీల్లేని సంకేత రూపంలోకి మార్చి, తాళం తీయడానికి డబ్బు అడిగే దుష్ట సాఫ్ట్‌వేర్. కంపెనీ వెంటనే తన డేటా కేంద్రాల సేవలన్నిటినీ వేరు చేసి, దాడి పాకకుండా చూసుకోవలసి వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు, 2017 మే 12న ప్రపంచమంతటా విరుచుకుపడిన వన్నాక్రై రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను తాకినప్పుడు, ప్రభావితమైన జిల్లాల్లో శ్రీకాకుళం కూడా ఉంది. ఆ దాడి వాడుకున్న లోపాన్ని సరిచేసే సవరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, 2017 మార్చి 14న విడుదల చేసింది. సవరణ వేసుకున్న కంప్యూటర్లను ఆ లోపం ద్వారా చొరబడే దాడి ఏమీ చేయలేకపోయింది. రక్షణ ఉచితంగా అందుబాటులో ఉన్నా దాన్ని అమర్చే బాధ్యత ఫలానా వ్యక్తిదని ఎక్కడా రాసిపెట్టుకోని చోట నష్టం జరిగిందంటే, ప్రణాళిక లేమికి అంతకన్నా స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

శ్రీకాకుళం జిల్లాలోని పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమలో, ఏ డేటా కావాలి, అది ఎవరి బాధ్యత అన్న ప్రశ్న మరో రూపంలో కనిపిస్తుంది. ఉద్దానం ప్రాంతపు తోటల జీడిపిక్కలతో పాటు ఆఫ్రికా దేశాల పిక్కలు కూడా అక్కడికి వస్తాయి. గింజ పరిమాణాన్ని బట్టి పప్పుకు ధర పలుకుతుంది. పౌనుకు సుమారు 320 గింజలు తూగే రకానికీ, 240 తూగే రకానికీ, గుండుకూ బద్దకూ ధరలో తేడా ఉంటుంది. అందువల్ల యజమాని లాభం తేలేది ఏ లాటు పిక్కలు ఎంత పప్పునిచ్చాయి, అందులో గుండు ఎంత అన్న లెక్కలోనే. వచ్చే సీజన్‌లో ఏ ధరకు, ఎవరి దగ్గర కొనాలన్న అతి పెద్ద నిర్ణయానికి ఇదే ఆధారం. పన్ను కోసం నింపే చిట్టా ఆవర్జాలు ఈ ప్రశ్నకు జవాబివ్వవు. పన్ను శాఖకు కావలసిన లెక్క కంప్యూటర్‌లో ఉండి, యజమానికి కావలసిన లెక్క గుమస్తా నోటుపుస్తకంలోనో జ్ఞాపకంలోనో మిగిలిపోయిన చోట, సాంకేతికత మీద ఎంత ఖర్చు పెట్టినా అది వ్యాపార లక్ష్యానికి ఉపయోగపడినట్టు కాదు. ఇటువంటి జీడి బట్టీకి పెద్ద కార్పొరేట్ సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. లాటువారీ తూకాలను క్రమం తప్పకుండా రాసే ఒక పట్టిక, దాన్ని రాసే ఒక బాధ్యుడు, దాని నకలు ఉండే మరో చోటు చాలు.

ఆ మరో చోటు ఎక్కడ ఉండాలన్నది ఉత్తరాంధ్రకు ప్రత్యేకమైన చిక్కు. డేటా రక్షణ అనగానే దొంగతనమే గుర్తుకు వస్తుంది గాని, ఈ తీరంలో గాలీ నీరూ కూడా అంతే ప్రమాదకరం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి శ్రీకాకుళం జిల్లాను కూడా దెబ్బతీసింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలోనే తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కరెంటు స్తంభాలు కూలిపోయి పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. సమాచార రక్షణలో బ్యాకప్ అనే మాట తరచు వినిపిస్తుంది. అసలు డేటాకు నకలు తీసి వేరుగా దాచడమే బ్యాకప్. శ్రీకాకుళం సంస్థ నకలును విశాఖపట్నంలోని శాఖలో దాచడం సహజంగా తోచే పని. దూరం వంద కిలోమీటర్ల పైచిలుకు కాబట్టి సురక్షితమన్న భావన ఉంటుంది. అయితే హుద్‌హుద్ విశాఖతో పాటు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ ఒకేసారి కుదిపింది. విశాఖలో విద్యుత్తు, ఫోన్ వ్యవస్థలు రోజుల పాటు స్తంభించాయి. ఒకే తుపాను దారిలో ఉన్న రెండు ఊళ్లలో రెండు నకళ్లు ఉంచడం, రక్షణ దృష్టితో చూస్తే, ఒక్క నకలు ఉంచడమే. హైదరాబాద్ వంటి లోతట్టు నగరంలోనో, దేశంలోని మరో ప్రాంతంలో డేటా కేంద్రాలున్న క్లౌడ్ సేవలోనో కనీసం ఒక నకలు ఉండాలి. క్లౌడ్ అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే ఇతరుల కంప్యూటర్లు. డేటాను ఏ ప్రాంతంలో ఉంచాలో ఎంచుకునే వీలును పెద్ద క్లౌడ్ సంస్థలు ఇస్తాయి.

విశాఖపట్నంలో అయిదేళ్లలో సుమారు 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధ కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించిన తర్వాత, ఉత్తరాంధ్ర డేటాకు రాజధాని అవుతుందన్న ఆశలు వ్యక్తమయ్యాయి. ఆ పెట్టుబడి స్వాగతించదగినదే. కాని పొరుగున ప్రపంచ స్థాయి డేటా కేంద్రం వెలిసినంత మాత్రాన బొబ్బిలి పారిశ్రామికవాడలోని ఒక చిన్న ఫ్యాక్టరీ లెక్కలు భద్రం కావు.

అవి భద్రం కావాలంటే యజమాని తనకు తాను వేసుకోవలసినవి రెండు ప్రశ్నలు. కంప్యూటర్లు ఆగిపోతే ఎంతసేపటిలోగా వ్యాపారం మళ్లీ మొదలు కాకపోతే నష్టం భరించలేనిది అవుతుంది? చివరి నకలు తీసిన తర్వాత నమోదైన డేటాలో ఎంత మేరకు పోయినా తట్టుకోవచ్చు? చక్కెర ఫ్యాక్టరీకి క్రషింగ్ సీజన్‌లో ఒక్క రోజు తూకాల లెక్క పోవడం కూడా సహించరానిది; అదే ఫ్యాక్టరీకి సీజన్ కాని రోజుల్లో వారం ఆలస్యం కూడా పెద్ద సమస్య కాకపోవచ్చు. జవాబులు వ్యాపారం నుంచి వస్తాయి కాబట్టి వీటిని కంప్యూటర్ మెకానిక్‌కు వదిలిపెట్టకూడదు.

రక్షణ గొలుసులో ఉద్యోగుల అప్రమత్తత, బయటి సంస్థల మీద ఆధారపడటం మరో రెండు కీలకమైన లంకెలు. హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ సహకార అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో దుండగులు 12 కోట్ల రూపాయలకు పైగా కొల్లగొట్టారు. ఉద్యోగులకు పంపిన మోసపు ఈ-మెయిళ్ల ద్వారా చొరబాటు మొదలైందని పోలీసు దర్యాప్తు తేల్చింది. సైబర్ భద్రతా నిబంధనలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా విధించింది. 2024 జూలై చివర సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సాంకేతిక సేవల సంస్థ మీద రాన్సమ్‌వేర్ ప్రభావం పడినప్పుడైతే, దాని సేవల మీద ఆధారపడిన దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగిపోయాయి. ఆ బ్యాంకుల్లో అధిక భాగం సహకార, గ్రామీణ బ్యాంకులే. సేవలను బయటి సంస్థకు అప్పగించవచ్చు గాని ఖాతాదారు పట్ల బాధ్యతను అప్పగించలేమని ఈ రెండో ఘటన చెబుతోంది.

ఇంతకన్నా ముఖ్యమైన మరో కోణం ఉంది. సంస్థ డేటా సంస్థది మాత్రమే కాదు. నెల్లిమర్ల, బొబ్బిలి ప్రాంతాల జూట్ మిల్లులు ఎన్నోసార్లు మూతబడి తెరుచుకున్నాయి. అటువంటి చోట కార్మికుడి గ్రాట్యుటీకీ భవిష్యనిధికీ ఆధారం హాజరు రికార్డే. అప్పటి విజయనగరం జిల్లాలోని లచ్చయ్యపేట చక్కెర కర్మాగారం దగ్గర 2021 నవంబరులో రైతులు చెరకు బకాయిల కోసం రోడ్డెక్కినప్పుడు, ఎవరికి ఎంత రావాలన్న లెక్కకు మూలం తూకం చీటీలు, వాటి నమోదులే. రికార్డు పోయినా, మారినా మొదట నష్టపోయేది బలహీనుడే. యాజమాన్యానికి వకీలు ఉంటాడు, ఆడిటర్ ఉంటాడు. కార్మికుడికి ఉన్నది రికార్డులోని ఆ ఒక్క వరుస మాత్రమే. అందుకే డేటా రక్షణ వ్యాపార వివేకంతో పాటు న్యాయానికి సంబంధించిన విషయం కూడా.

చట్టం ఈ దిశగా కొంత కదిలింది. కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలు 2023 ఏప్రిల్ 1 నుంచి, పద్దులో చేసిన ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. ఆ జాడను ఆపే వీలు ఉండకూడదు. లెక్కల నకలును రోజూ దేశంలోని సర్వర్లలో భద్రపరచాలన్న నిబంధన 2022 నుంచి ఉంది. అయితే ఇవి కంపెనీలకే వర్తిస్తాయి. సొంత పేరుతోనో భాగస్వామ్యంతోనో నడిచే చిన్న యూనిట్లు ఈ పరిధిలోకి రావు. చట్టం అడగదు కాబట్టి అక్కర్లేదనుకునే వైఖరి, మొదట చెప్పిన బయటి ఒత్తిడి అలవాటుకు కొనసాగింపే. వ్యక్తుల డేటా విషయంలో మాత్రం ఇలాంటి మినహాయింపును ఆశించలేరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రధాన నిబంధనలు అమల్లోకి వచ్చాక, ఉద్యోగుల, ఖాతాదారుల వివరాలను డిజిటల్ రూపంలో ఉంచుకునే సంస్థ తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. డేటా బయటికి పొక్కితే ఆ సంగతిని డేటా పరిరక్షణ బోర్డుకే గాక, నష్టపోయిన ప్రతి వ్యక్తికీ తెలపాలి. వందల మంది ఆధార్ నకళ్లు, బ్యాంకు ఖాతా సంఖ్యలు ఒక పెన్‌డ్రైవ్‌లో చేతులు మారుతున్న కార్యాలయాలు ఈ నిబంధనను ఎలా పాటించగలవో ఇప్పటి నుంచే ఆలోచించుకోవాలి.

ఈ పనిలో జిల్లా పరిశ్రమల కేంద్రాలు, వ్యాపార సంఘాలు చేయగలిగినది ఎంతో ఉంది. ఒక్కో చిన్న యూనిట్ విడివిడిగా నిపుణుణ్ణి పెట్టుకోలేకపోవచ్చు గాని, పలాస జీడి వ్యాపారులు కలిసి ఒకరిని నియమించుకోవడం అసాధ్యం కాదు. పెద్ద ఔషధ కంపెనీలు తమకు సరుకులు, సేవలు అందించే స్థానిక సంస్థలకు తాము నేర్చుకున్న డేటా క్రమశిక్షణను నేర్పడం తమ ప్రయోజనానికే మంచిది. ప్రతి సంస్థలోనూ యజమాని స్థాయిలో ఒకరు డేటాకు జవాబుదారీ కావాలి. ఏటా అక్టోబరు రాకముందే, దాచిన నకలు నుంచి ఒక రోజు లెక్కలను మరో కంప్యూటర్‌లో తిరిగి తెరిచి చూడాలి. తెరిచి చూడని నకలు ఉన్నట్టు లెక్క కాదు. ఈ పనులకు సమయం కూడా ఎక్కువ లేదు: వ్యక్తిగత డేటా చట్టం నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలకు ఇచ్చిన 18 నెలల గడువు 2027 మే నెలలో ముగుస్తుంది.