చిప్పు గీసేది మనోళ్లే.. హక్కు ఎవరిది?

మొన్న మా బాయికాడ మొబైల్ స్టార్టర్ ఖరాబైంది. మెకానిక్ డబ్బా ఇప్పి, గోరంత నల్ల ముక్క సూపెట్టిండు. "పానమంత గిండ్లనే ఉంది అన్నా. గిది పోతే డబ్బా మొత్తం మార్చుడే" అన్నడు.

గా ముక్కల ఉండేది ఒక చిన్న ప్రాసెసర్. మెమొరీలకెళ్లి ఒక్కో ఆర్డర్ చదువుడు, లెక్క జేసుడు, తర్వాతి ఆర్డర్‌కు పోవుడు... గింతే దాని పని. కంప్యూటర్ల గూడ నడిచేది గిదే.

దీని పుట్టుకల మనకో పాఠముంది. జపాన్‌ల బుసికామ్ అనే కంపెనీ, కాలిక్యులేటర్ల కోసం చిప్పులు చేసియ్యమని ఇంటెల్‌ను అడిగింది. పనికో చిప్పు ఎందుకు, ప్రోగ్రామ్ మారిస్తే పని మారే చిప్పు ఒక్కటి చాలదా అన్నడు ఇంటెల్ ఇంజినీర్ టెడ్ హాఫ్. ఫెడెరికో ఫాజిన్ ముందుండి దాన్ని తయారు జేసిండు. అదే 1971ల వచ్చిన 4004. అండ్ల ట్రాన్సిస్టర్లు సుమారు 2,300.

అసలు సంగతి ఇక్కడుంది. చేసింది ఇంటెలే అయినా, హక్కు బుసికామ్ చేతిల ఉండె. ఇంటెల్ 60 వేల డాలర్లు వాపస్ ఇచ్చి, వేరే పనులకు అమ్ముకునే హక్కు తెచ్చుకుంది. ఆ తర్వాత ఇంటెల్ ఎంత పెద్దగైందో లోకమే చూసింది.

ఇగ మన దిక్కు చూడుర్రి. ఇంటెల్, క్వాల్‌కామ్, ఏఎండీ ఆఫీసులు హైదరాబాద్‌ల ఉన్నయి. చిప్పుల డిజైన్ల మన పోరగాండ్లు, పోరిలు మస్తుగ పనిజేస్తున్నరు. కొలువులు మంచియే, కాదంటలేను. గని గీసిన డిజైన్ కంపెనీదే అయితది.

కేంద్రం 2021 డిసెంబర్‌ల సెమీకండక్టర్లకు 76 వేల కోట్లు ప్రకటించింది. ఫ్యాక్టరీలు రావాలె, సరే. ఫ్యాక్టరీ మన జాగల ఉన్నంత మాత్రాన చిప్పు మనది కాదు. డిజైన్ గూడ మనదైతెనే మనది. ఐఐటీ మద్రాస్ 'శక్తి', సీడాక్ 'వేగ' ప్రాసెసర్లు గా తొవ్వలనే వచ్చినయి. అవి 'రిస్క్-ఫైవ్' మీద కట్టినయి. దాన్ని ఎవ్వలైనా లైసెన్స్ పైసలు కట్టకుండ వాడుకోవచ్చు.

అంటే తొవ్వ తెరిచే ఉంది. నడిచేటోళ్లు కావాలె. మా ఊర్ల ఇంజినీరింగ్ అంటే కంప్యూటర్ సైన్స్ ఒక్కటే అనుకుంటున్నరు. చిప్పు డిజైన్‌కు ఎలక్ట్రానిక్స్ గూడ గంతే అవసరమని చెప్పేటోళ్లు లేరు. డిజైన్ చేసింది నడుస్తదో లేదో చూసుకునే ఎఫ్‌పీజీఏ బోర్డులు జిల్లా పాలిటెక్నిక్ ల్యాబుల దాక రావాలె. వేల కోట్ల లెక్క చెప్పే సర్కార్లను గీ బోర్డుల లెక్క గూడ మనమే అడగాలె.

మా స్టార్టర్‌కు కొత్త డబ్బా కొన్న. పాతది మాత్రం పారెయ్యలే. మా పోరనికి ఇప్పి సూపెడుతున్న.